మెరోపీ గాంట్‌ని చదవడం ఎలా? పక్కపాత్రను అర్థం చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

హ్యారీ పాటర్ ఆరో పుస్తకం చదివినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మెరోపీ గురించి రాద్దామని కూర్చుంటున్నాను, రెండు వాక్యాలు దాటడం లేదు. వోల్డెమార్ట్ తల్లి, పాపం... ఆ తర్వాత ఏం రాయాలి?"

వోల్డెమార్ట్ ఈ కథల ప్రతినాయకుడు. అతని తల్లి గురించి సమాచారం బాగానే ఉంది. కాకపోతే మూడు పుస్తకాల్లో చెదిరిపోయి ఉంది. అది కూడా ఆమెను పట్టించుకోని మనుషుల నోట. దాన్ని ఏరుకోవాలి, ఎవరు చెప్పారో గుర్తు పెట్టుకోవాలి, ఆ తర్వాతే జాలిపడడమో తిట్టడమో. చాలామంది ఈ వరుసను తిరగేసి, ముందు తీర్పు ఇచ్చి తర్వాత పేజీలు వెతుకుతారు.

కింద చెప్పిన పని రెండు సాయంత్రాల్లో అవుతుంది. కథ మొత్తం తెలిసినవాళ్ల కోసమే రాస్తున్నాను. ఇంకా చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, మలుపులన్నీ ముందే తెలిసిపోతాయి.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవలసినవి:

☐ ఆరో పుస్తకం, హాఫ్ బ్లడ్ ప్రిన్స్ (2005). 10, 13 అధ్యాయాలు పూర్తిగా. 17, 20 అధ్యాయాల్లో కొన్ని పేజీలు
☐ రెండో పుస్తకం (1998). 13, 17 అధ్యాయాలు
☐ నాలుగో పుస్తకం (2000). 33వ అధ్యాయం మొదటి పేజీలు
☐ నోటుబుక్కు, మూడు రంగుల పెన్నులు

సినిమా పనికిరాదు. 2009లో వచ్చిన ఆరో సినిమాలో గాంట్ల (మెరోపీ పుట్టింటివాళ్ల) ఇంటి ఘట్టాన్ని మొత్తంగా తీసేశారు. సినిమాలు మాత్రమే చూసిన స్నేహితులకు ఈ పేరే తెలియదు. వాళ్లతో వాదనకు దిగేముందు అది గుర్తుంచుకోండి.

ఫోన్‌లోనో కిండిల్‌లోనో చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. సెర్చ్‌లో 'మెరోపీ' అని కొట్టి, వచ్చినవన్నీ చూసేశాం అనుకోకండి. రెండో పుస్తకంలోనూ నాలుగో పుస్తకంలోనూ ఆమెకు పేరే లేదు, 'మా అమ్మ' అంతే. ఆమె లాకెట్టు కొన్న కొట్టువాడికి ఆమె ఒక 'మంత్రగత్తె', ఆమె బిడ్డను కన్న అనాథాశ్రమం ఆవిడకు 'ఆ పిల్ల'. పేరు పెట్టి వెతికితే సగం జారిపోతుంది. పక్కపాత్రలతో వచ్చే మొదటి చిక్కు ఇదే. వాళ్ల పేరు తెలియని మనుషులు కూడా వాళ్ల గురించి మాట్లాడుతుంటారు.

2. ప్రస్తావనలన్నీ ఏరడం

మొదటి సాయంత్రం పని ఇది. వ్యాఖ్యానం వద్దు. ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, అంతే రాయండి. మీ పట్టిక దాదాపు ఇలా రావాలి:

• రెండో పుస్తకం, 13: తనకు పేరు పెట్టేంతసేపే తల్లి బతికిందని డైరీలోని టామ్ (ఆమె కొడుకు, తర్వాత వోల్డెమార్ట్ అయ్యేవాడు) చెబుతాడు.
• రెండో పుస్తకం, 17: తల్లివైపు నుంచి తనకు స్లిదరిన్ (మంత్రవిద్యాలయం స్థాపకుల్లో ఒకడు) రక్తం వచ్చిందనీ, భార్య మంత్రగత్తె అని తెలిసి తండ్రి వదిలేశాడనీ అంటాడు.
• నాలుగో పుస్తకం, 33: శ్మశానంలో, తండ్రి సమాధి దగ్గర వోల్డెమార్ట్ ఇదే కథ మళ్లీ చెబుతాడు.
• ఆరో పుస్తకం, 10: మాంత్రికుల మంత్రిత్వ శాఖ ఉద్యోగి బాబ్ ఆగ్డెన్ జ్ఞాపకం; హ్యారీ మంత్రంతో అందులోకి వెళ్లి చూస్తాడు. ఆమెను మనం నేరుగా చూసే చోటు ఇదొక్కటే. ఆ తర్వాత హ్యారీ ప్రధానోపాధ్యాయుడు డంబుల్డోర్ ఊహలు.
• ఆరో పుస్తకం, 13: ఆమె దగ్గర స్లిదరిన్ లాకెట్టు కొన్న కొట్టువాడు బర్క్, ఆశ్రమం నడిపే మిసెస్ కోల్, పదకొండేళ్ల టామ్.
• ఆరో పుస్తకం, 17: అన్న మోర్ఫిన్.
• ఆరో పుస్తకం, 20: లాకెట్టును బర్క్ దగ్గర కొనుక్కున్న ముసలావిడ హెప్జిబా స్మిత్.

ఇది పుస్తకం చెప్పిన వరుస. దీని పక్కనే, ఆమె బతికిన వరుసలో ఇంకో పట్టిక వేయండి: పద్ధెనిమిదేళ్లు తండ్రి ఇంట్లో, తండ్రీ అన్నా జైలుకి, ఊళ్లో జమీందారు కొడుకు టామ్ రిడిల్‌తో (మంత్రాలు తెలియని మనిషి, బిడ్డకూ ఇతని పేరే) వెళ్లిపోవడం, కొన్ని నెలలకు అతను ఒంటరిగా తిరిగి రావడం, క్రిస్మస్ ముందు లాకెట్టు అమ్మడం, డిసెంబర్ 31 రాత్రి కాన్పు, చావు.

రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మనకు ఆమె చావు గురించి ముందు తెలిసింది, బతుకు ఏడేళ్ల తర్వాత తెలిసింది. కొడుకు చెప్పిన కథలో ఆమె మోసపోయిన భార్య. ఆమె రిడిల్‌కి పెట్టి ఉంటుందని డంబుల్డోర్ అనే మరుగుమందు ఊసే అందులో లేదు.

3. మూడు రంగులు వేయడం

ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా వృథా. పట్టికలోని ప్రతి సంగతికీ ఒక రంగు వేయండి.

నీలం: మన కళ్లెదుట జరిగింది.
ఆకుపచ్చ: ఆమెను చూసినవాళ్లు చెప్పింది.
ఎరుపు: ఎవరో ఊహించింది.

ఆగ్డెన్ జ్ఞాపకం నీలం. అందులోనూ ఒక మెలిక ఉంది. గాంట్లు పాముభాషలో మాట్లాడుకుంటారు. ఆ జ్ఞాపకం ఎవరిదో ఆ ఆగ్డెన్‌కే అవి బుసలుగా వినిపిస్తాయి, ఒక్క ముక్క అర్థం కాదు. హ్యారీకి ఆ భాష తెలుసు కాబట్టి మనకు తెలుస్తుంది. అంటే ఆ రోజు ఆ గదిలో ఆమెను ఏమని తిట్టారో ఆగ్డెన్‌కి చివరిదాకా పూర్తిగా తెలియదు.

బర్క్, మిసెస్ కోల్, మోర్ఫిన్ మాటలు ఆకుపచ్చ. హెప్జిబా చెప్పేది బర్క్ దగ్గర విన్నది, అందుకని ఆకుపచ్చ వేసి చుట్టూ ఒక సున్నా చుట్టండి.

ఇక ఎరుపు. ఎండగా ఉన్న ఒక రోజు, గుర్రం మీద ఒంటరిగా పోతున్న రిడిల్‌కి ఆమె మంచినీళ్లిచ్చి ఉంటుందన్నది ఎరుపు. అందులో మందు కలిపి ఉంటుందన్నది ఎరుపు. కడుపుతో ఉండగా మందు ఇవ్వడం మానేసిందన్నది ఎరుపు. దుఃఖంతో మంత్రశక్తి పోయి ఉండొచ్చన్నది కూడా ఎరుపే. ఇవన్నీ డంబుల్డోర్ అంచనాలు. అంచనాలని ఆయనే చెబుతాడు కూడా.

మొదటిసారి రంగులు వేసినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది. మెరోపీ గురించి నాకు 'తెలుసు' అనుకున్నవాటిలో ఎక్కువ భాగం ఎర్రగా తేలింది.

ఎరుపంటే అబద్ధం అని కాదు. ఈ కథలో డంబుల్డోర్ ఊహలు చాలావరకు నిలబడతాయి. మీరు రాసేటప్పుడు 'మందు పెట్టింది' అని రాయకుండా 'మందు పెట్టి ఉంటుందని డంబుల్డోర్ అంచనా' అని రాయండి చాలు. ఆ నాలుగు మాటలు అదనంగా రాస్తే వ్యాసం తూకమే మారిపోతుంది.

4. ఒక సన్నివేశాన్ని దగ్గర పెట్టుకుని చదవడం

నీలం రంగు పేజీలు కొన్నే ఉన్నాయి. వాటిని నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి.

ఆగ్డెన్ లోపలికి వస్తాడు. తండ్రి మార్వోలో ఉన్నాడు, అన్న మోర్ఫిన్ ఉన్నాడు. మూడో మనిషి ఉన్నట్టు హ్యారీకి వెంటనే తెలియదు. తెరిచిన కిటికీ పక్క మూలలో ఏదో కదిలిన చప్పుడైతే అప్పుడు చూస్తాడు. పొయ్యి దగ్గర ఒక అమ్మాయి. ఆమె వేసుకున్న చిరుగుల బూడిదరంగు గౌను, వెనకున్న మురికి గోడ, రెండూ ఒకే రంగు.

ఇక్కడ ఆగండి. మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఎక్కడ నిలబడింది? పొయ్యి దగ్గర, తెరిచిన కిటికీ పక్కన. పొయ్యి తండ్రి చూపించిన చోటు. కిటికీ? రిడిల్ గుర్రం మీద ఎప్పుడు పోతాడా అని ఆమె రాత్రిపూట కిటికీలోంచి వేలాడుతూ చూస్తుందని కాసేపటికి మోర్ఫిన్ బయటపెడతాడు. అప్పుడు ఈ కిటికీకి అర్థం వస్తుంది.

ఎలా ఉంది? మొహం పాలిపోయి, జుట్టు జీవం లేక, కళ్లు రెండూ రెండు దిక్కులు చూస్తూ. ఇంతగా ఓడిపోయినట్టు కనిపించే మనిషిని హ్యారీ ఎన్నడూ చూడలేదట. చాలామంది ఆ వాక్యం దగ్గరే గీత గీసుకుంటారు. అదే వాక్యంలో ముందున్న ముక్కను వదిలేస్తారు: ఆమె ఆ ఇద్దరు మగవాళ్లకన్నా కాస్త శుభ్రంగా ఉంది. ఆ కొంపలో, ఆ మనుషుల మధ్య, ఎవరూ చూడని పిల్ల మొహం కడుక్కుంటోంది. ఎందుకో ఆలోచించండి. నా మటుకు నాకు ఆ గుర్రపు డెక్కల చప్పుడు అక్కడే వినిపిస్తుంది.

చేతుల్లో ఏముంది? గిన్నెలు. ఒక గిన్నె జారి పడుతుంది. ఆమె వంగి చేత్తో తీయబోతుంది. తండ్రి అరుస్తాడు: మగుల్ (మంత్రశక్తి లేని) మనిషిలా నేల మీద దేవులాడతావేం, మంత్రదండం ఎందుకుంది అని. ఆమె దండం తీసి వినపడీ వినపడనట్టు ఏదో గొణుగుతుంది. గిన్నె ఎగిరిపోయి ఎదురు గోడకు కొట్టుకుని రెండు ముక్కలవుతుంది. అన్న పగలబడి నవ్వుతాడు. అతికించమని తండ్రి మళ్లీ అరుస్తాడు. ఆమె దండం ఎత్తేలోపు ఆగ్డెన్ తన దండంతో గిన్నెను బాగుచేసేస్తాడు.

ఆగ్డెన్ చేసింది దయతోనే. దానివల్ల ఏమైందో చూడండి. ఆమెకు ఆ మంత్రం వచ్చో రాదో మనకు తెలిసే అవకాశం పోయింది. తండ్రి వద్దన్నా పని చేత్తో చేసుకోబోయిన పిల్లకు ఒకడు దండం పట్టమన్నాడు, ఇంకొకడు దండం ఎత్తనివ్వలేదు. మధ్యలో ఆమెకు దక్కింది గిన్నె పగలగొట్టిన పేరు.

ఇలా ఒక సన్నివేశం చదివాక అర పేజీ రాసుకోండి. అంతకు మించి వద్దు.

5. మాటల లెక్క, పనుల లెక్క

ఆమె మాట్లాడిన మాటలు లెక్కపెట్టండి. మనం నేరుగా చూసే సన్నివేశంలో స్పష్టంగా వినిపించే మాట ఒక్కటీ లేదు. పలకరిస్తే జవాబివ్వదు, నిలదీస్తే తల అడ్డంగా ఊపుతుంది, చివర్లో మనం బయటికి నడుస్తుంటే వెనక నుంచి ఆమె అరుపులు వినిపిస్తాయి. ఆమె మాటగా మనకు అందేది ఒక్కటే, అదీ మిసెస్ కోల్ ద్వారా: బిడ్డ వాళ్ల నాన్నలా ఉంటే బాగుండును అని. ఆ తర్వాత పేరు చెప్పింది. తండ్రి పేరు టామ్, తాత పేరు మార్వోలో, ఇంటిపేరు రిడిల్.

"ఆమె ఒక్క మాటైనా మాట్లాడదు" అని నేనొకసారి ధీమాగా రాసేసి, మిసెస్ కోల్ పేజీ చూపించి ఒకరు సరిదిద్దితే నాలుక కరుచుకున్నాను. అందుకే లెక్కపెట్టమంటున్నాను.

ఇప్పుడు రెండో లెక్క. ఆమె చేసిన పనులు, క్రియలు మాత్రమే రాయండి:

• కిటికీలోంచి చూసింది
• ఇల్లు విడిచి వెళ్లింది
• వెళ్లేముందు చీటీ రాసి పెట్టింది
• మందు పెట్టింది, తర్వాత మానేసింది (రెండూ ఎరుపు)
• లాకెట్టు అమ్మింది
• మంచులో ఆశ్రమం మెట్లెక్కింది
• బిడ్డకు పేరు పెట్టింది

ఓడిపోయినట్టు కనిపించే మనిషికి ఇన్ని క్రియలు! మెరోపీని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఇదే. పుస్తకం ఆమెకు మాటలు ఇవ్వలేదు, పనులు ఇచ్చింది. మాటల వైపు నుంచి చూస్తే ఆమె లేదు. పనుల వైపు నుంచి చూస్తే ఆ ఇంట్లోంచి తనంతట తాను బయటపడిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా ఇద్దరినీ బయటికి తీసుకెళ్లింది మంత్రిత్వ శాఖవాళ్లు.

చీటీ సంగతి ఇంకొంచెం. ఆరు నెలల శిక్ష ముగించుకుని మార్వోలో ఇంటికొస్తాడు, కూతురు వేడివేడిగా వడ్డించి ఎదురుచూస్తుంటుందనుకుని. బల్ల మీద అంగుళం మందం దుమ్ము, వెళ్లిపోతున్నానని చెప్పే చీటీ. ఆ చీటీలో ఏముందో పుస్తకం చూపించదు. మీ నోటుబుక్కులో దానికి ఒక పేజీ ఖాళీగా వదలండి. నింపకండి. ఆమె చేతిరాత ఉన్న కాగితం ఒకటి ఉండేదనీ, మనకు అందలేదనీ తెలియడమే కావాలి.

6. వస్తువు వెంట నడవడం

పక్కపాత్ర కనపడని పేజీల్లో ఆమె వస్తువు కనపడుతుంది. ఇక్కడ స్లిదరిన్ లాకెట్టు. దాని వెంట నాలుగు చోట్ల ఆగండి.

మొదటిది తండ్రి ఇల్లు. తమ వంశం ఎంత గొప్పదో ఆగ్డెన్‌కి చూపించడానికి మార్వోలో ఆమె మెడలోని గొలుసు పట్టుకుని లాక్కొస్తాడు. ఆమెకు ఊపిరాడదు. నగ ఆమె మెడలో ఉంది, పట్టు ఆయన చేతిలో ఉంది.

రెండోది బర్క్ కొట్టు. చిరుగుల బట్టలతో నిండు చూలాలు వచ్చి, డబ్బు అవసరమని చెప్పి, ఇది స్లిదరిన్‌ది అంటుంది. పది గాలియన్లు (మాంత్రికుల బంగారు నాణేలు) ఇస్తే సంతోషంగా పుచ్చుకుంది, ఇంత మంచి బేరం మళ్లీ తగల్లేదు అంటాడు బర్క్. పది గాలియన్లంటే ఎంత? హ్యారీ తన మొదటి మంత్రదండానికి ఏడు గాలియన్లు ఇచ్చాడు. నాలుగో పుస్తకంలో క్విడిచ్ ఆట చూడడానికి కొన్న బైనాక్యులర్ లాంటి పరికరం ఒక్కోటి పది గాలియన్లు. కాలం తేడా ఉంది, నిజమే. అయినా కళ్ల ముందు పెట్టుకోవడానికి ఈ లెక్క చాలు. నెలలు నిండిన ఆడమనిషి పుట్టింటి బంగారం పట్టుకుని కొట్టు మెట్లెక్కితే అవతలివాడు ఆ కడుపు చూసి ధర ఎలా కడతాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడోది అన్న నోరు. 17వ అధ్యాయంలో మోర్ఫిన్, చెల్లెలు తమను దోచుకుని పారిపోయిందంటాడు.

నాలుగోది హెప్జిబా ఇల్లు. లాకెట్టు అమ్మిన ఆడమనిషి దాన్ని దొంగిలించినట్టుందనీ, దాని విలువ తెలియదనీ బర్క్ చెప్పాడట. తన జ్ఞాపకంలో బర్క్ దొంగతనం మాట అనడు. అది స్లిదరిన్‌దని ఆమె చెప్పిందనే అంటాడు. కొన్నప్పుడు లేని దొంగతనం అమ్మేటప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? ఇలాంటి తేడా కనపడినప్పుడు పక్కన పెద్ద గుర్తు పెట్టండి. వ్యాసంలో సగం బలం అక్కడే ఉంటుంది.

7. తప్పును తప్పుగానే రాయడం

ఎక్కువమంది జారిపడే చోటు ఇది. మన ఊళ్లలో 'మరుగుమందు పెట్టింది' అనే మాట ఎంత తేలిగ్గా వాడతారో తెలుసు కదా. కొడుకు పెళ్లాం మాట వింటే చాలు, కోడలు మందు పెట్టినట్టే. ఆ అలవాటు వల్ల మెరోపీ మీద కూడా ఇది ఉత్త నింద అని కొట్టిపారేయాలనిపిస్తుంది. కొట్టిపారేయకండి. ఈ కథాలోకంలో మరుగుమందు నిజంగా పనిచేస్తుంది. తనను మాయచేశారని రిడిల్ ఊళ్లో చెప్పుకున్నట్టు డంబుల్డోర్ చెబుతాడు.

ఆరో పుస్తకంలోనే మందుల పాఠం చెప్పే స్లగ్‌హార్న్ తరగతిలో అమోర్టెన్షియా అనే మరుగుమందు గురించి ఒక మాట ఉంది. అది ప్రేమను పుట్టించదు, పిచ్చి వ్యామోహాన్నే పుట్టిస్తుంది, గదిలో ఉన్న మందులన్నిటిలోకీ ప్రమాదకరమైనది అదే. హ్యారీ స్నేహితుడు రాన్ అన్నలైన వీస్లీ కవలలు దుకాణంలో అమ్మే మందు ఒక మోతాదు గరిష్ఠంగా 24 గంటలు పనిచేస్తుంది. మెరోపీ వాడింది అలాంటిదే అయితే, ఆమె చేసింది ఒక్క ఎండపూట ఒక్క గ్లాసు నీళ్ల తప్పు కాదు. ప్రతి రోజూ లేచి మళ్లీ చేసిన తప్పు. ఒక మనిషి నెలల తరబడి తన ఇష్టం లేకుండా కాపురం చేశాడు. ఒక బిడ్డ పుట్టబోయాడు. ఇది రాయకుండా మెరోపీ మీద వ్యాసం పూర్తి కాదు.

ఇది రాసి ఊరుకున్నా పూర్తి కాదు. రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉంచండి, ఒకదాన్ని ఇంకోదానితో తుడిచేయకండి:

• తన మెడ మీద పెత్తనం లేని అమ్మాయి, చేతికి శక్తి రాగానే ఇంకో మనిషి మనసు మీద పెత్తనం తీసుకుంది.
• ఆపకపోతే అతను వెళ్లేవాడు కాదు; అయినా, డంబుల్డోర్ అంచనా నిజమైతే, తనంతట తానే ఆపేసింది.

'కానీ' పెట్టి ఈ రెండింటినీ కలపొద్దు. 'కానీ' తర్వాత వచ్చేదే తీర్పైపోతుంది.

8. పక్కన నిలబెట్టి చూడడం

పోలిక కోసం ఇద్దరు చాలు. హ్యారీని కాపాడుతూ చనిపోయిన అతని తల్లి లిల్లీ పాటర్‌ని పుస్తకమే తెచ్చి పక్కన పెడుతుంది. కొడుకు కోసమైనా మెరోపీ బతకలేదేం అని హ్యారీ అడుగుతాడు. మీ అమ్మకున్న ధైర్యం ఆమెకు లేదు, మరీ కఠినంగా తీర్పు ఇవ్వకు అంటాడు డంబుల్డోర్. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించను. లిల్లీ వెనక ఆమెను ప్రేమించిన భర్త ఉన్నాడు, స్నేహితులున్నారు. మెరోపీ వెనక ఖాళీ. గడ్డకట్టే చలిలో, మంచు కురుస్తుంటే, తూలుకుంటూ మెట్లెక్కి బిడ్డను ఒక కప్పు కిందికి చేర్చిన మనిషి గంటలో కని ఇంకో గంటలో పోయింది. దాన్ని ధైర్యం లేకపోవడం అంటే ఎలా?

రెండో పోలిక హ్యారీ మీద మనసుపడ్డ విద్యార్థిని రొమిల్డా వేన్. ఆమె హ్యారీ కోసం మందు కలిపి పంపిన చాక్లెట్లు రాన్ తినేస్తాడు. ఆ పేజీల్లో మనం నవ్వుతాం. ఒకే పుస్తకంలో ఒకే మందు ఒకచోట హాస్యం, ఇంకోచోట వోల్డెమార్ట్ పుట్టుక. ఎందుకు నవ్వామో రాసుకోండి, ఒక్క పేరా చాలు.

9. తరచూ దొర్లే పొరపాట్లు, సవరణలు

మరుగుమందు వల్ల పుట్టాడు కాబట్టే వోల్డెమార్ట్‌కి ప్రేమ తెలియదు అనడం: పుస్తకంలో ఎక్కడా ఇలా లేదు. 2007లో పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తూ రచయిత్రి, అది ప్రేమలేని కలయికకు ప్రతీక మాత్రమేననీ, మెరోపీ బతికి తానే పెంచి ఉంటే అంతా మారిపోయేదనీ చెప్పారు. సవరణ: శాపంలా రాసిన వాక్యాన్ని తీసేయండి.

'వోల్డెమార్ట్ తల్లి' అని మొదలుపెట్టడం: మొదటి పేరాలోనే ఆమెను కొడుకు కథలోకి తోసేసినట్టు అవుతుంది. సవరణ: కొడుకు ప్రస్తావన మూడో పేరా దాకా రాకుండా చూడండి. కష్టమే, కానీ వ్యాసం అక్కడే నిలబడుతుంది.

ఆమెకు మంత్రం రాదనడం: గిన్నె ఘట్టం చూసి ఇలా రాస్తారు. మంత్రం వచ్చి ఉంటే అమ్మ చచ్చిపోయేది కాదు అని పదకొండేళ్ల టామ్ కూడా అదే అంటాడు. భయంలో ఉన్నప్పుడు ఆమె శక్తి సరిగ్గా కనపడి ఉండదనీ, తండ్రీ అన్నా పోయాక బయటపడి ఉంటుందనీ డంబుల్డోర్ అభిప్రాయం. సవరణ: టామ్ మాట పక్కన డంబుల్డోర్ మాట పెట్టండి.

ఆధునిక జబ్బు పేర్లు తగిలించడం: ఆమెకు ఫలానా డిప్రెషన్, ఫలానా డిజార్డర్ అని తేల్చేయడం ఈ మధ్య ఎక్కువైంది. పేరు పెట్టగానే పేజీ చూడడం మానేస్తాం. పేజీలో ఏం జరిగిందో అదే రాయండి.

పేరు చుట్టూ వ్యాసం అల్లడం: గ్రీకు పురాణంలో మెరోపీ ఏడుగురు అక్కచెల్లెళ్ల నక్షత్రాల్లో ఒకతె. మర్త్యుడిని పెళ్లాడినందుకు సిగ్గుతో వెలుగు తగ్గించుకుందని ఒక కథ. మగుల్‌ని పెళ్లాడిన అమ్మాయికి ఆ పేరు ఊరికే పడలేదనిపిస్తుంది. ఆ నక్షత్రాల గుంపే మన కృత్తికలు. మన కథలో వాళ్లు కుమారస్వామికి పాలిచ్చి పెంచిన తల్లులు. ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది. అయినా ఇది ఒక వాక్యానికి సరిపడే సరుకే, దీనిమీద మూడు పేజీలు కట్టకండి.

10. రాసే వరుస

రెండో సాయంత్రం రాయండి. వరుస ఇది: ముందు నీలం (వంటపొయ్యి సన్నివేశం), తర్వాత క్రియలు, తర్వాత లాకెట్టు, తర్వాత మందు, చివర్లో మాత్రమే లిల్లీ పోలిక. తీర్పు రాయాలనిపిస్తే మందు గురించిన పేరా తర్వాత రాయండి, ముందు వద్దు.

పంపేముందు చూసుకోండి:

☐ ప్రతి ఎరుపు సంగతి దగ్గరా 'అంచనా' అనే మాట ఉందా
☐ 'పాపం' ఎన్నిసార్లు వచ్చింది (ఒకటి దాటితే కొట్టేయండి)
☐ రిడిల్‌కి జరిగిన అన్యాయం కనీసం రెండు వాక్యాల్లో ఉందా
☐ ఆమె రూపం గురించి రాసిన వాక్యాలకన్నా పనుల గురించి రాసినవి ఎక్కువ ఉన్నాయా
☐ ఖాళీ చీటీని మీ ఊహతో నింపేశారా

మొదటి పేరా ఎలా ఉండాలో తోచనివాళ్ల కోసం ఒక మచ్చు:

"లిటిల్ హాంగిల్టన్ ఊరి బయట చెట్ల మధ్య ఒక పాడుబడ్డ కొంప ఉంది. తలుపుకి చచ్చిన పాము మేకుతో కొట్టి ఉంది. లోపల ఇద్దరు మగవాళ్లు, పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నె. ఆ గిన్నె కింద మంట పెట్టిందెవరో చూడాలంటే గోడ వైపు ఇంకోసారి చూడాలి. ఆమె తెరిచిన కిటికీ పక్కన నిలబడి ఉంది. ఆ రోజు పొద్దున కూడా మొహం కడుక్కుంది."